అమెరికా ఎలక్టివ్: పేరున్న ఆస్పత్రిలో కార్డియాలజీనా, ఒహాయోలో జనరల్ మెడిసిన్ వార్డా?

భూపాలపల్లి అమ్మాయి:

సీనియర్లందరికీ నమస్కారం. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఫైనలియర్ చదువుతున్నాను. అమెరికాలో డాక్టరు కావాలంటే రాయాల్సిన పరీక్షల్లో స్టెప్ వన్ పాసయ్యాను, స్టెప్ టూకు చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీలో (మన పీజీ లాంటి శిక్షణ) చేరాలని ఆశ. ఫైనల్ పరీక్షలు ముగిశాక ఇంటర్న్‌షిప్ మొదలయ్యేలోపు కొంత ఖాళీ దొరుకుతుంది కదా, ఆ సమయంలో అక్కడ ఒక ఎలక్టివ్ (ఆస్పత్రిలో కొన్ని వారాల శిక్షణ) చేసి రావాలనుకుంటున్నాను. పట్టా చేతికి రాకముందు వెళ్తే విద్యార్థిగా రోగులను స్వయంగా చూడనిస్తారనీ, పట్టా వచ్చాక చాలాచోట్ల పక్కన నిలబడి చూసే అబ్జర్వర్‌షిప్పే దిక్కనీ అందరూ చెబుతున్నారు. అందుకే ఈ తొందర.

ఇప్పటికి మూడు అవకాశాలు చేతిలో ఉన్నాయి.

తూర్పు తీరంలో ఒక యూనివర్సిటీ ఆస్పత్రి. పేరు చెబితే మా ఇంటి పక్కవాళ్లు కూడా గుర్తుపడతారు. కార్డియాలజీ కన్సల్ట్ టీమ్‌లో నాలుగు వారాలు. ఫీజు బాగా ఎక్కువ, ఆ నగరంలో గది అద్దె అంతకంటే ఎక్కువ.

ఒహాయోలో ఒక మోస్తరు ఊళ్లో ఉన్న టీచింగ్ ఆస్పత్రి. జనరల్ మెడిసిన్ వార్డు, ఇదీ నాలుగు వారాలే. ఫీజు మొదటిదానిలో మూడో వంతు కూడా లేదు. కానీ ఆ ఊరి పేరు మా బ్యాచ్‌లో ఎవరూ వినలేదు.

ఇక న్యూజెర్సీలో నాన్న స్నేహితుడి తమ్ముడిగారి సొంత క్లినిక్. ఫీజు లేదు, వాళ్లింట్లోనే ఉండవచ్చు. "ఎన్ని వారాలైనా ఉండమ్మా, సిఫారసు లెటర్ నేనిస్తాను" అన్నారు.

నాన్న సింగరేణిలో పనిచేస్తారు. ఆయన పక్కన పెట్టిన డబ్బు ఒక్క ఎలక్టివ్‌కు, విమానం టికెట్టుకు సరిపోతుంది. రెండోసారి అడిగే ధైర్యం నాకు లేదు. "అప్పు చేసైనా సరే, పెద్ద ఆస్పత్రికే వెళ్లు, పేరు జీవితాంతం ఉంటుంది" అంటున్నారు ఆయన. స్నేహితులదీ అదే మాట. అక్కడికి వెళ్తే నెలంతా ఫెలోల (స్పెషాలిటీ శిక్షణలో ఉన్న డాక్టర్ల) వెనక నడిచి, ఫొటోలు దిగి వచ్చేస్తానేమోనని నాకు అనుమానం. రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్‌లో నిజంగా ఉపయోగపడేది ఏది?

నీట్ పీజీ బెంచీ:

అడగని సలహా ఇస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మూడింటిలో ఏది ఎంచుకోవాలని అడిగారు. అసలు వెళ్లాలా అన్నది ముందు తేల్చుకోండి. 2025 మ్యాచ్‌లో అమెరికా పౌరసత్వం లేని విదేశీ పట్టభద్రుల్లో సీటు వచ్చింది 58 శాతానికి. అదే అమెరికా ఎండీ కాలేజీల ఆఖరి సంవత్సరం విద్యార్థులకు 93.5 శాతం. అంటే మనవాళ్లలో వందకు నలభై రెండు మంది పరీక్షల ఫీజులు, ఎలక్టివ్ ఫీజులు, దరఖాస్తు ఫీజులు, విమానం టికెట్లు అన్నీ పెట్టుకుని ఖాళీ చేతులతో మిగిలారు. నాన్నగారి సింగరేణి జీతం మీద ఈ పందెం అవసరమా? అదే ఏడాది గదిలో కూర్చుని నీట్ పీజీకి చదివితే వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఎండీ మెడిసిన్ చేసుకోవచ్చు, స్టైపెండ్ కూడా వస్తుంది.

మా రూమ్మేట్ ఒకడు ఏజెన్సీకి డబ్బు కట్టి ఎలక్టివ్ అని వెళ్లాడు. తీరా చూస్తే అదొక చిన్న క్లినిక్. బీపీలు చూసి, ఫైళ్లు సర్ది వచ్చాడు. ఆ లెటర్‌ను ఇప్పుడు ఎవరికి చూపించాలో వాడికే తెలియదు.

గోదావరి డాక్టరమ్మ:

నేను కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివాను. ఇప్పుడు మిషిగన్‌లో ఒక టీచింగ్ ఆస్పత్రిలో హాస్పిటలిస్టుని, అంటే వార్డులో చేరిన రోగులను చూసే డాక్టర్ని. మా ఇంటర్నల్ మెడిసిన్ ప్రోగ్రాము ఎంపిక కమిటీలో ఉన్నాను కాబట్టి సెప్టెంబరు చివరి వారం వచ్చిందంటే సాయంత్రాలు దరఖాస్తులతోనే గడుస్తాయి. అందుకని పంపేవాళ్ల వైపు నుంచి కాకుండా చదివేవాళ్ల వైపు నుంచి చెబుతాను.

ఒహాయోకు వెళ్లు. డబ్బు కట్టేముందు మాత్రం వాళ్లను ఒక ప్రశ్న అడుగు. అదేమిటో కింద చెబుతాను.

ముందు మా దగ్గర దరఖాస్తుకు ఏం జరుగుతుందో విను. మాలాంటి ప్రోగ్రాముకు కూడా వేలల్లో వస్తాయి. అన్నీ చదివే మనిషి ఈ భూమ్మీద లేడు. మొదటి వడపోత కంప్యూటరే చేస్తుంది. స్టెప్ టూ స్కోరు ఎంత, ఏ పరీక్షలోనైనా తప్పారా, పట్టా వచ్చి ఎన్నేళ్లయింది, వీసా కావాలా. 2022 జనవరి నుంచి స్టెప్ వన్‌కు స్కోరు లేదు, పాసా ఫెయిలా అంతే. దాంతో ఆ బరువంతా స్టెప్ టూ మీద పడింది. నువ్వు ఏ ఆస్పత్రిలో ఎలక్టివ్ చేశావో ఈ వడపోతలో ఎవరూ అడగరు. కాబట్టి ఎలక్టివ్ కోసం స్టెప్ టూ చదువు పక్కన పెట్టే పరిస్థితి వస్తే ఎలక్టివ్‌నే మానుకో.

వడపోత దాటిన దరఖాస్తు మనిషి చేతికి వస్తుంది. అప్పుడు నీ ఎలక్టివ్ రెండుచోట్ల కనిపిస్తుంది. అనుభవాల జాబితాలో ఒక పంక్తిగా ఒకసారి, సిఫారసు ఉత్తరంగా మరోసారి. జాబితాలో పంక్తి మీద నా చూపు ఆగేది ఒక్క క్షణం. అక్కడ పెద్ద పేరు ఉంటే "ఓహో" అనుకుంటాను, నిజమే, అబద్ధం చెప్పను. కానీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. ఇంటర్వ్యూకు పిలవాలా వద్దా అని కమిటీలో వాదించుకునేటప్పుడు మేం చదివి వినిపించేది ఉత్తరంలోని వాక్యాలనే.

ఉత్తరాల్లో పేరుమోసిన ప్రొఫెసర్లు రాసేవి తరచూ ఒకేలా ఉంటాయి. మొదటి పేరా తన విభాగం ఎంత గొప్పదో చెబుతుంది. రెండో పేరాలో విద్యార్థి సమయానికి వచ్చేది, చురుకైనది, నేర్చుకోవాలన్న తపన ఉంది అని ఉంటుంది. పేరు మార్చి ఎవరికైనా ఇవ్వవచ్చు. ఆయన ఆ అమ్మాయిని పట్టుమని నాలుగుసార్లు చూసి ఉండడని చదివే మాకు అర్థమైపోతుంది.

ఇంకో రకం ఉత్తరం చూడు. ఆమధ్య మాకు ఇండియానాలోని ఒక చిన్న ఊరి నుంచి వచ్చింది. రాసినాయన పేరు మేమెవరం వినలేదు. గుండె వైఫల్యంతో మాటిమాటికీ ఆస్పత్రిలో చేరుతున్న ఒక పెద్దాయన గురించి రాశారు. అంతకుముందు చూసినవాళ్లంతా ఉప్పు మానడం లేదని రాసి పంపించేశారట. ఎలక్టివ్‌కు వచ్చిన మన దేశపు విద్యార్థిని మధ్యాహ్నం కూర్చుని మందుల షాపుకు ఫోన్ చేసింది. ఇన్సూరెన్సు మారడంతో ఒక ఖరీదైన మాత్రను ఆయన కొనడమే మానేశాడని బయటపడింది. మర్నాడు రౌండ్లకు ముందే సోషల్ వర్కర్‌తో మాట్లాడి ఏర్పాటు చేయించింది. ఇదంతా ఉత్తరంలో ఆరేడు పంక్తులు. చివర "ఈమె మా ప్రోగ్రాములో రెసిడెంటుగా చేరితే సంతోషిస్తాం" అని ఉంది. ఆ మాట కోసం మేం ప్రతి ఉత్తరం అడుగునా వెతుకుతాం. కనిపించకపోతే, కావాలనే రాయలేదని అనుకుంటాం. ఆ అమ్మాయిని పిలిచాం.

అలాంటి ఉత్తరం కార్డియాలజీ కన్సల్ట్‌లో రావడం ఎందుకు కష్టమంటే, అక్కడ నీకూ అటెండింగుకూ (టీమ్‌ను నడిపే పెద్ద డాక్టరుకు) మధ్య ఒక ఫెలో, ఒకరిద్దరు రెసిడెంట్లు, ఆ కాలేజీ సొంత విద్యార్థులు ఉంటారు. సొంత విద్యార్థికి వాళ్లు గ్రేడు ఇవ్వాలి, కాబట్టి రోగిని మొదట అతనికే అప్పగిస్తారు. పైగా కన్సల్ట్ టీమ్ పని ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి తప్పుకోవడం. ఈ ట్రోపోనిన్ ఎందుకు పెరిగింది, సర్జరీకి ముందు రక్తం పలచబరిచే మందు ఎప్పుడు ఆపాలి, ఇలాంటివి. మనిషి మందులు ఎందుకు కొనడం లేదన్నది వాళ్ల ప్రశ్న కాదు. రోగి చేరిన రాత్రి నుంచి ఇంటికి వెళ్లేదాకా అన్నీ చూసుకోవడం జనరల్ వార్డులోనే నేర్చుకుంటారు. ఇంటర్న్‌గా చేరాక మేం నీతో చేయించుకునే పని కూడా అదే. కార్డియాలజిస్టు రాసిన ఉత్తరం చెల్లదని దీని అర్థం కాదు. ఆయన కూడా ఇంటర్నల్ మెడిసిన్ చేసి వచ్చినవాడే. నీ పని చూసే అవకాశం ఆయనకు ఉంటుందా అన్నదే నా సందేహం.

ఇంకో సంగతి. రెండు ఆస్పత్రుల వెబ్‌సైట్లూ తెరిచి, ప్రస్తుత రెసిడెంట్ల పేజీ చూడు. ఫొటో కింద చదివిన కాలేజీ పేరు ఉంటుంది. ఆ పెద్ద ఆస్పత్రిలో విదేశీ పట్టభద్రులు ఒకరో ఇద్దరో ఉంటే, వాళ్లకు ముందే పీహెచ్‌డీయో, ఏళ్ల తరబడి పరిశోధనో ఉండి ఉంటుంది. అక్కడ ఎలక్టివ్ చేస్తే ఉత్తరం వస్తుందేమో గానీ సీటు రాదు. ఒహాయో పేజీలో ఉస్మానియా, గుంటూరు, లాహోర్, కాఠ్మండూ అని కనిపించిందనుకో, వీసా పెట్టడం వాళ్లకు అలవాటైన పని అని అర్థం. నిన్ను నెల రోజులు చూసిన ప్రోగ్రామే నీకు ఇంటర్వ్యూ ఇచ్చే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. దరఖాస్తులో సిగ్నళ్లు అని ఉంటాయి, ఏ ప్రోగ్రాములంటే ఎక్కువ ఆసక్తో తెలిపేవి, తెలిసే ఉంటుంది. ఇంటర్నల్ మెడిసిన్‌లో గోల్డ్ 3, సిల్వర్ 12. ఈ లెక్క మారుతూ వచ్చింది కాబట్టి నీ ఏడాది మళ్లీ చూసుకో. ఒక గోల్డ్ ఆ ఆస్పత్రికే ఇవ్వు. ఏ ప్రాంతంలో ఉండాలనుకుంటున్నావో చెప్పే చోట ఒహాయో, మిషిగన్, ఇండియానా, ఇల్లినాయ్, విస్కాన్సిన్ ఉన్న ప్రాంతాన్ని ఎంచుకుని, కారణంగా ఆ నెల రోజుల గురించి రాయవచ్చు. అక్కడ ఎన్నడూ అడుగుపెట్టనివాళ్లు రాసే కారణాలు చదివీ చదివీ మాకు విసుగెత్తింది. సరస్సులంటే ఇష్టమట అందరికీ!

ఇప్పుడు ఆ ప్రశ్న. ఒహాయో కోఆర్డినేటరుకు ఈమెయిల్ రాసి ఇలా అడుగు: "నేను ఉండే నాలుగు వారాల్లో టీమ్‌కు ఎంతమంది అటెండింగులు మారతారు? వాళ్లలో రెసిడెన్సీ కోర్ ఫ్యాకల్టీ ఎవరైనా ఉన్నారా?" కోర్ ఫ్యాకల్టీ అంటే రెసిడెంట్లకు శిక్షణ ఇచ్చే ముఖ్య అధ్యాపకులు. హాస్పిటలిస్టుల పని వంతుల వారీగా ఉంటుంది. నాదే చూడు, ఏడు రోజులు పని, ఏడు రోజులు ఇల్లు. వారానికొకరు చొప్పున నలుగురు మారితే నలుగురికీ నువ్వు సగం తెలిసిన మనిషివే. కనీసం రెండు వారాలు ఒకరి కిందే ఉండేలా, వాళ్లు అసోసియేట్ ప్రోగ్రాము డైరెక్టరో కోర్ ఫ్యాకల్టీయో అయ్యేలా తేదీలు అటూఇటూ జరుపుకోవచ్చేమో కనుక్కో. చాలామంది ఈ మాట అడగరు. అడిగినవాళ్లను కోఆర్డినేటర్లు విసుక్కోరు కూడా.

న్యూజెర్సీ క్లినిక్ సంగతి. ఆయన మంచి మనసుతో పిలిచారు, కాదనను. కానీ రెసిడెంట్లు లేని సొంత క్లినిక్ నుంచి వచ్చే ఉత్తరాన్ని మేం తేలిగ్గా తీసుకుంటాం. రెసిడెంటు ఎలా ఉండాలో ఆయన రోజూ చూడటం లేదు కదా. రాసినవారి ఇంటిపేరూ అభ్యర్థి ఇంటిపేరూ ఒకటే అయిన ఉత్తరాలు కూడా వస్తుంటాయి. కమిటీలో తెలుగు నేనొక్కదాన్నే కాబట్టి అందరూ నావైపు చూస్తారు. నేను కిటికీవైపు చూస్తాను. ఒహాయో వెళ్లేముందు ఒక వారం అక్కడ ఆగి, విమాన ప్రయాణం అలసట తీర్చుకుని, కంప్యూటర్‌లో రోగి రికార్డు ఎలా నడుస్తుందో, డాక్టరు రోగితో ఎలా మాట్లాడుతున్నారో చూసి వెళ్లు. దానికి ఆ క్లినిక్ చక్కగా పనికొస్తుంది. దరఖాస్తులో మాత్రం దాన్ని అబ్జర్వర్‌షిప్ అనే రాయి, ఎలక్టివ్ అని రాయకు. ఇంటర్వ్యూలో అడుగుతారు.

నీట్ పీజీ బెంచీ గారూ, మీ అంకె సరైనదే. అయితే ఆ 58 శాతం దరఖాస్తు చేసిన అందరిలో కాదు, తమకు నచ్చిన ప్రోగ్రాముల ర్యాంకు జాబితా సమర్పించిన వాళ్లలో. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాక జాబితా పెట్టే అవసరమే పడనివాళ్లు ఆ లెక్కలోకి రారు. కాబట్టి అసలు పరిస్థితి మీరు చెప్పినదానికంటే కష్టమైనది. ఈ అమ్మాయి రెండు దారులూ చూసుకోవడమే మంచిదని నేనూ అంటాను. కానీ ఇంటర్వ్యూ వచ్చేదీ రానిదీ చాలావరకు స్కోరు మీద, పట్టా పాతబడకపోవడం మీద, ఇలాంటి ఉత్తరాల మీద ఉంటుంది. పందెం అన్నారు గానీ, కొన్ని పేకలు ఆడేవాళ్ల చేతిలోనే ఉంటాయి.

గాజు స్లయిడు:

డాక్టరమ్మగారు చెప్పింది వార్డు విభాగాలకు సరిగ్గా సరిపోతుంది. ఇదే చర్చను చదువుతున్న ఇతరుల కోసం ఒక మాట. నేను పెన్సిల్వేనియాలో పాథాలజీ రెసిడెంటుని. మా శాఖలో లెక్క కొంచెం వేరు. ఇక్కడ రోగితో మాట్లాడే పని లేదు, ఇద్దరు కలిసి చూసే మైక్రోస్కోపు ముందు అటెండింగు పక్కన గంటల తరబడి కూర్చుంటారు. అందుకే రెండు వారాల ఎలక్టివ్‌లో కూడా మీరేమిటో వాళ్లకు తెలిసిపోతుంది. పెద్ద ఆస్పత్రి అయినా ఇబ్బంది లేదు, ఇంకా మంచిదే, అరుదైన కేసులు చూస్తారు.

కానీ మెడిసిన్‌కూ పాథాలజీకీ రెండింటికీ దరఖాస్తు పెడదామనుకుని ఎలక్టివ్ ఒకదానిలో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. మెడిసిన్ ఉత్తరాలు మూడు, పాథాలజీ ఉత్తరం ఒక్కటీ లేకుండా మాకు వచ్చే దరఖాస్తులను మా వాళ్లు ఇట్టే పసిగడతారు. మమ్మల్ని వెనక తలుపుగా చూస్తున్నారని చిరాకు పడతారు కూడా. ఒక్కో ప్రోగ్రాముకు నాలుగు ఉత్తరాలదాకా జోడించవచ్చు. అందులో ఆ శాఖవాళ్లు రాసినవి ఎన్ని అన్నది చూసుకుని ఎలక్టివ్ ఎంచుకోండి.

భూపాలపల్లి అమ్మాయి:

అక్కా, చాలా థ్యాంక్స్. మీ పోస్టును నాన్నకు చదివి వినిపించాను. మాత్ర కొనడం మానేసిన పెద్దాయన కథ దగ్గర ఆపి, "మళ్లీ చదువు" అన్నారు. అప్పు మాట ఇక ఎత్తలేదు.

వెబ్‌సైట్లు చూశాను. ఒహాయోలో ప్రతి బ్యాచ్‌లోనూ మనవాళ్లున్నారు. పెద్ద ఆస్పత్రి పేజీలో వెతికి వెతికి ఒకరిని పట్టుకున్నాను, ఆయనకు అక్కడే పీహెచ్‌డీ ఉంది! కోఆర్డినేటరుకు మీరు చెప్పిన ప్రశ్నే పంపాను. మొదట ఇచ్చిన తేదీల్లో నలుగురు మారతారట. రెండు వారాలు వెనక్కి జరిగితే ఇద్దరే ఉంటారనీ, వాళ్లలో ఒకరు అసోసియేట్ ప్రోగ్రాము డైరెక్టర్ అనీ జవాబిచ్చారు. జరిపేయమన్నాను.

ఇంకో భయం ఉంది. నేను మాట్లాడటంలో వెనక. మా ఎంజీఎం ఆస్పత్రిలో ప్రొఫెసర్ అడిగితే తప్ప నోరు విప్పే అలవాటు లేదు. మేం చూసినవి పాము కాట్లు, పురుగుమందు కేసులు. అక్కడి జబ్బులు వేరు కదా, ఏం తెలియనిదానిలా కనిపిస్తానేమో. ఉత్తరం అడగడం కూడా ఎలాగో తెలియడం లేదు.

గోదావరి డాక్టరమ్మ:

తేదీలు జరిగాయి కదా, సగం పని అయిపోయినట్టే.

కేసు చెప్పే పద్ధతి వేరుగా ఉంటుంది, దాన్ని ఇక్కడి నుంచే సాధన చేసి వెళ్లు. మన దగ్గర పేరు, ఊరు, వృత్తి మొదలుకుని వరసగా అన్నీ చెప్పి, చివరకు రోగనిర్ధారణ దగ్గరికి వస్తాం. అక్కడ మొదటి వాక్యంలోనే మనిషి ఎవరు, ఎందుకు చేరాడు తేలిపోవాలి. రాత్రి నుంచి ఏం మారింది, ఇవాళ్టి పరీక్షల్లో ఏం తేలింది, నువ్వేం అనుకుంటున్నావు, ఏం చేద్దామంటావు. ఈ చివరి రెండూ చెప్పకుండా ఆపేస్తే ఎంత చదివినా లాభం లేదు. తప్పు చెప్పినా పరవాలేదు, చెప్పకపోవడాన్నే లోపంగా రాస్తారు. తెలియకపోతే "తెలియదు, మధ్యాహ్నానికి చూసి చెబుతాను" అని, నిజంగానే మధ్యాహ్నం వెళ్లి చెప్పు. ఇద్దరో ముగ్గురో రోగులను తీసుకుని వాళ్ల గురించి టీమ్‌లో అందరికంటే నీకే ఎక్కువ తెలిసేలా చూసుకో. ఎక్కువమందిని తీసుకుని పైపైన చూడకు.

పురుగుమందు కేసుల గురించి సిగ్గుపడతావెందుకు? అట్రోపిన్ డోసు రెట్టింపు చేసుకుంటూ, ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా అని రాత్రంతా స్టెతస్కోపు పెట్టి వినడం అక్కడి అటెండింగుల్లో చాలామంది పుస్తకంలోనే చదివి ఉంటారు. అడిగినప్పుడు చెప్పు. మా ఇంటర్వ్యూల్లో నాకు గుర్తుండిపోయేవి ఇలాంటి కబుర్లే.

ఉత్తరానికి ముందు అభిప్రాయం అడగాలి. రెండో వారం చివర అటెండింగును పక్కకు పిలిచి, "నేను ఏం మెరుగుపరచుకోవాలి?" అని అడుగు. చెప్పింది చేసి చూపించు. ఆఖరి వారంలో, "ఇంటర్నల్ మెడిసిన్‌కు నన్ను గట్టిగా సమర్థిస్తూ ఉత్తరం రాయగలరా?" అని సూటిగా అడుగు. వాళ్లు తటపటాయిస్తే ధన్యవాదాలు చెప్పి వదిలేయి, నీరసమైన ఉత్తరం లేకపోవడమే మేలు. ఒప్పుకుంటే నీ వివరాల కాగితం, నువ్వు చూసిన రోగుల గురించి నాలుగు పంక్తుల గుర్తులు ఇచ్చి రా. పేర్లూ పుట్టిన తేదీలూ రాయకు, రోగి గోప్యత చట్టం అక్కడ చాలా కఠినం. ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నట్టు ఫారంలో గుర్తు పెట్టు, లేకపోతే చదివేవాళ్లు నమ్మరు.

నీ సీజన్‌కు ఎరాస్ (రెసిడెన్సీ దరఖాస్తుల వెబ్‌సైట్) జూన్‌లో తెరుచుకునేదాకా ఉత్తరం అప్‌లోడ్ చేయడం కుదరదు. అప్పటికి నెలలు గడిచి ఆయన నిన్ను మరిచిపోతారు. అందుకని జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే రాసి దాచమను. తర్వాత తేదీ మార్చి పంపడం ఆయనకు నిమిషం పని.

నానక్‌రామ్‌గూడ క్యూ:

కాగితాల పని గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. పోయిన ఏడాది నేనూ ఈ దారిలోనే వెళ్లి వచ్చాను.

ఎలక్టివ్‌కు బీ-1 వీసా. జీతం, స్టైపెండ్ ఏమీ ఇవ్వరనీ, చదువులో భాగమనీ మీకు ఎలక్టివ్ ఇచ్చే మెడికల్ స్కూలు లేఖలో స్పష్టంగా ఉండాలి. మీ కాలేజీ ప్రిన్సిపాల్ లేఖలో కూడా మీరింకా విద్యార్థినే అనీ, తిరిగి వచ్చి ఇంటర్న్‌షిప్ చేయాలనీ రాయించండి. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఇదే, తిరిగి ఎందుకు వస్తావని. వేలిముద్రలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రంలో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. నేను కట్టినప్పుడు వీసా ఫీజు 185 డాలర్లు. స్లాట్లు దొరకడం మన చేతిలో లేదు, కాబట్టి ఆమోద లేఖ వచ్చిన రోజే బుక్ చేయండి. ఎలక్టివ్ ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారో, వీసా రాకపోతే ఏం చేస్తారో కట్టకముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

టీకాల దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. టీకా వేయించుకున్నామంటే ఒప్పుకోరు. హెపటైటిస్ బీ, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, వీటికి రక్తంలో యాంటీబాడీల రిపోర్టు అడుగుతారు. తక్కువ వస్తే మళ్లీ టీకా, మళ్లీ పరీక్ష. ఆటలమ్మకు రెండు డోసుల మధ్య నాలుగు వారాలు ఆగాలి. క్షయ పరీక్షకు చర్మం మీద చేసేది వద్దు. మనందరికీ చిన్నప్పుడు బీసీజీ వేశారు కాబట్టి అది పాజిటివ్ వచ్చే అవకాశం ఉంది. రక్తంతో చేసే ఇగ్రా పరీక్షే చేయించుకోండి. ఇవి కాక ఆరోగ్య బీమా, వృత్తిపరమైన పొరపాట్లకు బీమా, బీఎల్ఎస్ (ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) సర్టిఫికెట్టు. అన్నీ ఒక ఫోల్డరులో స్కాన్ చేసి పెట్టుకోండి, ఒక్కో ఆఫీసు ఒక్కోసారి అడుగుతుంది.

భూపాలపల్లి అమ్మాయి:

నాకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది, అమ్మ వేపాకులు కట్టిన సంగతి కూడా గుర్తుంది. అయినా టీకా వేయించుకోవాలా?

నానక్‌రామ్‌గూడ క్యూ:

వేపాకుల సాక్ష్యం వాళ్ల ఫారంలో లేదు. యాంటీబాడీ పరీక్ష చేయించండి, పాజిటివ్ వస్తే టీకా అక్కర్లేదు, ఆ రిపోర్టే చాలు. మామూలు ల్యాబ్‌లలోనే చేస్తారు. వ్యాధి వచ్చిపోయిందా అన్నది తెలిపేది ఐజీజీ అనే రకం యాంటీబాడీ, చీటీ మీద అదే రాయించండి. రిపోర్టులో పాజిటివ్ అన్న మాటతో పాటు అంకె కూడా ఉండేలా చూసుకోండి. కొన్నిచోట్ల అంకె లేదని తిప్పి పంపుతారు.